భాష పిచ్చితో వాలంటీరుగా వెళ్లేవాళ్లకు

(హైదరాబాద్‌లో విదేశీ భాషలు నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం, ఆ తర్వాతి ప్రశ్నల్లో కొన్ని)

అందరికీ నమస్కారం. వెనక వరుసదాకా వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు గట్టిగానే ఉంది. వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

నన్ను పిలిచినవాళ్లు ఫోన్‌లో అన్నది ఇదీ: "మేడమ్, మా పిల్లలకి భాషలంటే ప్రాణం. వాలంటీరుగా వేరే దేశం వెళ్తే భాషకి భాషా వస్తుంది, సేవకి సేవా అవుతుంది. ఆ దారేదో చెప్పండి." దారి చెప్తాను. కాకపోతే ఆ రెండూ కలిసి అవుతాయని అంత తేలిగ్గా అనుకోవడం మీద నాకు కొంచెం పేచీ ఉంది. ముందు అది తేల్చుకుందాం.

ఆంధ్రా వైపు నుంచి వచ్చిన పిల్లలకి వాలంటీర్ అనగానే మొన్నమొన్నటిదాకా పొద్దున్నే తలుపు కొట్టి పింఛను చేతిలో పెట్టిన అబ్బాయి గుర్తొస్తాడు. (నవ్వులు) మనం మాట్లాడేది వేరే రకం. జీతం ఉండదు. ఉండటానికి గది, తిండి, ఇన్సూరెన్సు, కొంచెం పాకెట్ మనీ ఇస్తారు. ఆరు నెలలో, ఏడాదో వేరే దేశంలో ఏదో ఒక సంస్థలో పని. వృద్ధాశ్రమం కావచ్చు, వికలాంగుల కేంద్రం కావచ్చు, పొలం కావచ్చు, లైబ్రరీ కావచ్చు.

నేను వెళ్లింది జర్మనీకి. స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్లో వృద్ధాశ్రమం. ఉన్నమాట చెప్పుకుందాం, నేనేమీ ముసలివాళ్ల మీద జాలితో వెళ్లలేదు. జర్మన్ మాట్లాడాలి, అక్కడి మనుషులు ఇంట్లో ఎలా ఉంటారో చూడాలి, అంతే. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను. సేవాభావం కారిపోతూ వచ్చేవాడికన్నా, నేర్చుకోవడానికి వచ్చానని చెప్పేవాడితో పనిచేయడమే సుఖమని అక్కడి నర్సులే అనేవాళ్లు. నేర్చుకోవడానికి వచ్చినవాడు చెప్పింది వింటాడు. సేవ చేయడానికి వచ్చినవాడు మనకి చెప్తాడు!

కానీ మనం నేర్చుకుంటున్నామంటే అక్కడ ఎవరో నేర్పుతున్నారన్నమాట. ఆ నేర్పేవాళ్ల టైము, ఓపిక ఎవరి ఖాతాలోంచి పోతున్నాయి? నేనివాళ చెప్పదలచుకున్నది దాదాపుగా ఇదే.

ఆశ్రమంలో ఒక పూట ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున ఆరున్నరకి డ్యూటీ. వంటగదిలోంచి ట్రాలీ తోసుకుని వస్తాం. దాని మీద బ్రెడ్డు, వెన్న, జామ్, కాఫీ ఫ్లాస్కులు. పక్కనే ఒక్కొక్కరి పేరుతో ఒక కార్డు ఉంటుంది. ఒకరికి బ్రెడ్డు అంచు కోసెయ్యాలి, పళ్లు లేవు. ఒకరికి కాఫీలో పొడి కలిపి చిక్కగా చెయ్యాలి, పల్చగా ఇస్తే పొరబోతుంది. ఒకరికి షుగరు, కాబట్టి జామ్ వేరే. ఇదంతా రాసి ఉంటుంది, కానీ నర్సుల పొట్టి రాతలో. నేను ఇక్కడ జర్మన్‌లో బీ1, అంటే ఏ1, ఏ2 దాటాక వచ్చే మూడో మెట్టు, పాసయ్యి వెళ్లిన మనిషిని. రైలు టికెట్టు కొనడం, వాతావరణం గురించి మాట్లాడటం, పర్యావరణ కాలుష్యం మీద నాలుగు ముక్కలు రాయడం అన్నీ వచ్చు. ఆ కార్డు మాత్రం చదవలేకపోయేదాన్ని. పక్కన ఒక నర్సు నిలబడి చదివిపెట్టాలి. ఆమె చేతిలో అప్పటికి ఇంకో డజను మంది పని ఉంటుంది.

ఇక ఆ పెద్దవాళ్ల మాట. స్టుట్‌గార్ట్ వైపు ష్వేబిష్ యాస మాట్లాడతారు. మనలో కోస్తా పుస్తకాల తెలుగు చదువుకుని మొదటిసారి సిద్దిపేట సంతలో బేరమాడినవాళ్లెవరైనా ఉంటే వాళ్లకి చెప్పక్కర్లేదు. దానికి తోడు మతిమరుపు జబ్బు. డిమెన్షియా ముదిరేకొద్దీ చాలామందిలో తర్వాత నేర్చిన మాట వెనక్కి పోయి, చిన్నప్పటి ఇంటి మాట మిగులుతుంది. ఒక పెద్దావిడ ఉండేది, రైతు కుటుంబం. బడి జర్మన్ పూర్తిగా పోయింది, యాస ఒక్కటే ఉంది. నేను బ్రెడ్డు అంచులు కోసి పళ్లెం పక్కన పెడితే చూసి ఒంటికాలి మీద లేచేది. ఏమంటోందో నాకు తెలియదు. ఆ అంచుల్ని ఒక్కొక్కటీ ఏరుకుని నాప్కిన్‌లో మూట కట్టి, గౌను జేబులో పెట్టుకునేది. తర్వాత ఆమె కూతురు వచ్చినప్పుడు చెప్పింది: యుద్ధం అయిపోయాక వచ్చిన ఆకలి రోజుల్లో వాళ్లమ్మ చిన్నపిల్ల, రొట్టె పారేస్తే ఇంట్లో దెబ్బలు పడేవట. అప్పటినుంచీ కోసిన అంచుల్ని పారేసేదాన్ని కాదు, చిన్న గిన్నెలో వేసి ఆమె ముందే పెట్టేదాన్ని. మధ్యాహ్నం మూడింటికి వాళ్లకి కాఫీ, కేకు వేళ. మన టిఫినులాగా అది తప్పదు. ఆ టైముకి ఆమె దగ్గర కూర్చునేదాన్ని. ఒకే సంగతి రోజుకి పదిసార్లు చెప్పేది. భాష నేర్చుకునేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? ఏ టీచరూ ఒకే వాక్యం అన్నిసార్లు విసుక్కోకుండా చెప్పదు. ష్వేబిష్ నాకు వచ్చిందంటే ఆమె దగ్గరే వచ్చింది.

చూడండి, మొదటి రెండు మూడు నెలలు ఆ ఇంట్లో నా వల్ల తగ్గిన పని కన్నా పెరిగిన పనే ఎక్కువ. ఇది నా ఒక్కదాని సంగతి కాదు, అక్కడికి వెళ్లే ప్రతివాళ్లదీ అంతే. ఆ తర్వాతే మెల్లగా లెక్క సరిపడటం మొదలవుతుంది. ఆరో నెలకి, ఏడో నెలకి మనం లేకపోతే "అరే, ఈ పిల్ల లేదే ఇవాళ" అనుకునే దశ వస్తుంది. రెండు వారాల సేవ, మూడు వారాల సేవ అని అమ్మే ప్యాకేజీలు నాకు నచ్చకపోవడానికి కారణం అదే. ఖర్చుపెట్టే కాలం వాళ్లది, తిరిగి చెల్లించే కాలం వచ్చేసరికి మనం ఎయిర్‌పోర్టులో ఉంటాం.

మనకి తెలిసిన ఉదాహరణ ఒకటుంది. బ్రౌన్ దొర. 1820లో కడపకి వచ్చాడు. ఆయన వాలంటీరేం కాదు, కంపెనీ జీతగాడు. కానీ తెలుగు మీద పిచ్చి మాత్రం అసలైన పిచ్చి. కడపలో తన బంగళాలో పండితుల్ని, లేఖకుల్ని పెట్టుకుని తాళపత్రాలు సరిచూయించాడు. వాళ్లకి సొంత డబ్బుతో జీతాలిచ్చాడు, అప్పులు కూడా చేశాడు. ఆయన దొరతనం గురించి ఎన్నైనా అనొచ్చు, అనాలి కూడా. అయినా నేర్పినవాళ్లకి నెల తిరిగేసరికి జీతం ముట్టేది. ఇవాళ నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లలో ఎంతమంది ఆ మాత్రం ఆలోచిస్తున్నారు?

ఈ పద్ధతి ఎక్కడ మొదలైందో కొంచెం చెప్తాను. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక, 1920లో పియర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఆయన వేర్వేరు దేశాలవాళ్లని పోగుచేశాడు. ఫ్రాన్స్‌లో వెర్డన్ దగ్గర ఎన్ అనే ఊరు యుద్ధంలో నేలమట్టమైంది. ఆ ఊరు మళ్లీ కట్టడానికి వెళ్లారు. అందులో జర్మన్లూ ఉన్నారు. రెండేళ్ల కిందట ఆ ఊరి మీద ఫిరంగులు పేల్చింది వాళ్ల దేశమే. ఊళ్లో అందరికీ నచ్చలేదు. కొన్ని నెలలకే పని ఆపి వెళ్లిపోవాల్సి వచ్చింది. దాన్నుంచి పుట్టిందే సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్. "మాటలు కాదు, చేతలు" అన్నది వాళ్ల నినాదం. 1934 జనవరిలో బిహార్‌ని భూకంపం కుదిపేస్తే సెరెసోల్ మన దేశానికీ వచ్చి, ఇళ్లు పోయినవాళ్లకి కొత్త పల్లెలు కట్టే పనిలో దిగాడు. ఆ సంస్థ శాఖ భారత్‌లో ఇప్పటికీ ఉంది, రెండు మూడు వారాల వర్క్ క్యాంపులు పెడుతుంది. ఇందాక రెండు వారాలవి నచ్చవని ఇదెందుకు చెప్తున్నావంటారేమో. ఈ క్యాంపుల్లో పని చిన్నది, ముందే గీత గీసి ఉంటుంది. కంచె వేయడం, తోట శుభ్రం చేయడం, పండగకి స్టేజీ కట్టడం. సేవ అని పెద్ద పేరు పెట్టరు. పది దేశాలవాళ్లు కలిసి వండుకుంటారు, గిన్నెలు తోముకుంటారు. మొదటిసారి వెళ్లేవాళ్లకి అది మంచి మొదలు.

తర్వాత ప్రభుత్వాలు దిగాయి. అమెరికా 1961లో పీస్ కోర్ పెట్టింది. వాళ్లు 1976దాకా మన దేశంలోనూ ఉన్నారు, పంపేముందు ఇక్కడి భాషలు నేర్పి పంపేవాళ్లు. జపాన్ 1965లో మొదలుపెట్టింది. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల పథకం 1970లో వచ్చింది. ఇదంతా చాలాకాలం ధనిక దేశాల నుంచి మన వైపు నడిచిన బండి. ఇటు నుంచి అటు వెళ్లే దారులు తక్కువ. ఉన్నవి ఏవో చూద్దాం.

జర్మనీలో సోషల్ ఇయర్, అంటే కుర్రవాళ్లు ఏడాదిపాటు సేవాసంస్థలో వాలంటీరుగా పనిచేసే పద్ధతి. దానికి 1964 నుంచి చట్టం ఉంది. ఇరవై ఏడు నిండనివాళ్లకి. ఫెడరల్ వాలంటీర్ సర్వీస్ 2011లో వచ్చింది. అప్పటిదాకా సైన్యంలో చేరనని చెప్పిన అబ్బాయిలు బదులుగా ఆసుపత్రుల్లో, ఆశ్రమాల్లో పనిచేసేవాళ్లు. నిర్బంధ సైనిక సేవ ఆపేసరికి ఆ చేతులు లేకుండా పోయాయి, ఆ ఖాళీలో ఇది పుట్టింది. మామూలుగా ఏడాది, పద్దెనిమిది నెలలదాకా పొడిగించుకోవచ్చు. ఇరవై ఏడు లోపు వాళ్లకి ఏడాదిలో ఇరవై ఐదు రోజులు సెమినార్లు ఉంటాయి. నా బ్యాచ్‌లో మడగాస్కర్, జార్జియా, కొలంబియా పిల్లలు ఉండేవాళ్లు. రాత్రి వంటగదిలో అందరికీ ఉమ్మడి భాష తప్పుల జర్మనే. ఎంత హాయిగా మాట్లాడుకున్నామో! వెల్ట్‌వేర్ట్స్ అని ఇంకోటి ఉంది, 2008లో జర్మన్ పిల్లల్ని మనలాంటి దేశాలకి పంపడానికి పెట్టారు. కొన్నేళ్లకి ఇటువాళ్లని అటు తీసుకెళ్లే భాగం కూడా చేర్చారు. మీరు నేరుగా కాకుండా ఇక్కడి భాగస్వామ్య సంస్థ ద్వారా వెళ్లాలి.

అక్కడి రూల్ ఒకటి నాకు బాగా నచ్చింది. వాలంటీరు జీతగాడి బదులు కాకూడదు, అదనపు చెయ్యిగానే ఉండాలి. మందులు ఇవ్వడం, ఇంజెక్షన్లు, ఇవేవీ మనం ముట్టుకోకూడదు. కాగితం మీద చక్కగా ఉంది. మనుషులు తక్కువైన రోజు, ఇద్దరు నర్సులు సెలవు పెట్టిన రోజు, ఆ గీత ఎక్కడుందో వెతుక్కోవాలి. అలాంటప్పుడు "ఇది నా పని కాదండీ" అని చెప్పగలిగేంత భాష మీ దగ్గర ఉండాలి. ఏ2 లేకుండా వెళ్లొద్దని అందుకే మొత్తుకుంటాను.

యూరోపియన్ సాలిడారిటీ కోర్ వీడియోలు చూసి చాలామంది నాకు మెసేజ్ పెడతారు. పద్దెనిమిది నుంచి ముప్పై ఏళ్లవాళ్లకి, అన్నీ ఉచితం. మంచిదే, కానీ ఇండియాలో కూర్చుని మనం అప్లై చేయడానికి కుదరదు. అది యూరోపియన్ యూనియన్ దేశాలకి, ఆ పథకంలో చేరిన మరికొన్ని దేశాలకి, ఇరుగుపొరుగుకి. అక్కడ చదువుకుంటూ చట్టప్రకారం నివాసం ఉన్నవాళ్లు ప్రయత్నించొచ్చు. బ్రిటన్‌లో విజిటర్ వీసా మీద రిజిస్టరైన చారిటీకి ముప్పై రోజులకి మించి పనిచేయకూడదు, ఎక్కువైతే వేరే వీసా. ఏ దేశమైనా సరే, టూరిస్టు వీసా మీద వచ్చెయ్, ఇక్కడ చూసుకుందాం అని ఎవరన్నా అంటే ఫోన్ పెట్టెయ్యండి.

ఎందుకంటే మన హైదరాబాద్‌లో ఏ సందులో చూసినా కన్సల్టెన్సీ బోర్డే. కంబోడియాలో ఉద్యోగమని తీసుకెళ్లి, పాస్‌పోర్టు లాక్కుని, సైబర్ మోసాలు చేయించిన తెలుగు కుర్రాళ్ల కథలు పేపర్లో చదివాం. వాళ్లెవరూ తెలివితక్కువవాళ్లు కారు. వాలంటీరు పేరుతోనూ అలాంటివి రావచ్చు. సంస్థ పేరు మీరే వెతకండి, పాత వాలంటీర్లు ఇద్దరితో మాట్లాడండి, కాంట్రాక్టులో గది, తిండి, పనిగంటలు, ఇన్సూరెన్సు రాసి ఉన్నాయో లేదో చూడండి. ఉద్యోగమంటే విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైటులో ఏజెంటు పేరుందో లేదో చూడొచ్చు.

ఇంకో విషయం, ఇది మాత్రం గట్టిగా చెప్తాను. అనాథాశ్రమాలకి వెళ్లొద్దు. చిన్నపిల్లలతో ఫొటో బాగా వస్తుంది, నిజమే. కంబోడియా, నేపాల్ లాంటి చోట్ల విదేశీ వాలంటీర్లు డబ్బు కట్టి వస్తున్నారు కాబట్టే ఆశ్రమాలు పెరిగాయి. అందులో చాలామంది పిల్లలకి తల్లో తండ్రో ఉన్నారు. చదువు చెప్పిస్తామని పల్లెల నుంచి తెచ్చినవాళ్లు. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం చేసేటప్పుడు దీన్ని పిల్లల అక్రమ రవాణాలో భాగంగానే గుర్తించింది. వచ్చిన అక్క నెలకి వెళ్లిపోతుంది, ఇంకో అక్క వస్తుంది. ఆ పిల్లల మీద మన భాష ప్రాక్టీసు చేసుకోవడం నాకైతే మింగుడుపడదు.

ఇక్కడ ఉండగానే చేయగలిగేవి చాలా ఉన్నాయి. తార్నాకలో విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉంది. ఊళ్లో జర్మన్‌కి గోథే సెంట్రమ్ ఉంది, ఫ్రెంచ్‌కి అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉంది. ఇన్ని భాషలు నేర్చుకునే వీలు అన్ని ఊళ్లలోనూ ఉండదు. క్లాసు అయ్యాక? నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు బార్కస్‌లో ఉన్నారు. టోలీచౌకి వైపు ఆఫ్రికా, అరబ్ దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు అద్దెకి ఉంటారు. ఇల్లు దొరకక, ఆటోవాళ్లతో బేరం కుదరక, ఆసుపత్రిలో ఫారం నింపడం రాక వాళ్లు పడే పాట్లు మీరు రేపు అక్కడ పడబోయేవే. ఒకరోజు వాళ్లకి తోడుగా ఆసుపత్రికి వెళ్లండి. అరబ్బీ నాలుగు ముక్కలు వస్తాయి. అంతకన్నా ముఖ్యం, ఓపిక ఖర్చుపెట్టే వైపు మీరుంటారు. విదేశం వెళ్లేముందు ఆ వైపు ఒకసారి నిలబడి ఉండటం మంచిది. ఇంట్లోంచి కదలలేనివాళ్లకి ఐక్యరాజ్యసమితి ఆన్‌లైన్ వాలంటీరింగ్ ఉంది, అనువాదాలు చేసే పనులూ ఉంటాయి. మన తెలుగు వికీపీడియా 2003 నుంచి నడుస్తోందంటే ఇలాంటి ఉచిత పని మీదే నడుస్తోంది.

నేను చెప్పాలనుకున్నది అయిపోయింది. అడగండి.

(ఒక తండ్రి ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై రెండు. ఒక్కత్తినీ పంపాలంటే భయం. పైగా ఏడాది వృథా అవుతుందని చుట్టాలంటున్నారు.)

అంకుల్, భయం ఉంటుంది, లేదని నేను అనను. అడగాల్సిన ప్రశ్నలు అడగండి. గది ఎక్కడ, ఎవరితో, రాత్రి డ్యూటీ ఉంటుందా, ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చేయాలి, చోటు మార్చుకునే వీలుందా? అక్కడ ప్రతి వాలంటీరుకీ పనిచోట ఒక బాధ్యుడు, పంపిన సంస్థలో ఇంకొకరు ఉంటారు. ఆ ఇద్దరి నంబర్లూ మీ దగ్గర ఉండాలి. ఏడాది సంగతంటారా, మా చుట్టాలూ అన్నారు. వచ్చాక వాళ్ల పిల్లల్నే నా దగ్గరికి పంపి, జర్మనీ సంగతులు కనుక్కోమన్నారు. (నవ్వులు)

(ఒక అమ్మాయి: అక్కా, పని లేనప్పుడు అక్కడివాళ్లతో కలవగలిగారా? వాళ్లు కలుపుకోరంటారు కదా.)

కలుపుకుంటారు, కానీ వాళ్ల పద్ధతిలో. నేనున్న అపార్ట్‌మెంటులో మెట్లు ఊడ్చే వంతు వారానికొకరిది. వంతు వచ్చినవాళ్ల తలుపుకి ఒక చిన్న చెక్క పలక తగిలించి పోతారు. మొదట్లో నాకు చిర్రెత్తేది, మెట్ల మీద దుమ్మే లేదు, ఏం ఊడ్వను? కింద ఇంటాయన మాత్రం మూలలు తడిమి చూసేవాడు. నేను ముగ్గు వేసే ఇంట్లో పెరిగినదాన్ని, ఊడ్వడం నాకు నేర్పాలా? ఒక శనివారం కిటికీ అంచులతో సహా తుడిచాను. ఆయన మాటాడకుండా వెళ్లి, ఒక సీసా ఆపిల్ జ్యూసు తెచ్చిచ్చాడు, వాళ్ల తోటలో పళ్లతో తీసింది. ఆ తర్వాత పండగలకి పిలిచేవాళ్లు. ఆదివారం మాత్రం ఖాళీ సీసాలు డబ్బాలో వేయకూడదు, చప్పుడవుతుంది. ఇలాంటివి ఎవరూ రాసివ్వరు, అడిగి తెలుసుకోవాలి.

(వెనక వరుస నుంచి: మేడమ్, నాకు ముప్పై నాలుగు. ఆలస్యమైపోయిందా?)

లేదండీ. ఫెడరల్ సర్వీస్‌కి పై వయసు పరిమితి లేదు, సోషల్ ఇయర్‌కే ఇరవై ఏడు. మీ వృత్తిలో అనుభవం ఉంటే ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల వైపు కూడా చూడండి, అక్కడ అనుభవం ఉన్నవాళ్లకే విడిగా అవకాశాలుంటాయి. మీ జర్మన్ ఎంతవరకు వచ్చింది? ఏ1 అయిందా? అయితే ఏ2కి చేరిపోండి, ఈలోపు అప్లికేషన్లు మొదలుపెట్టండి. అక్కడ ఎక్కువ చోట్ల సెప్టెంబరులో మొదలవుతుంది. వీసాకి నెలలు పడుతుంది, పోలీస్ క్లియరెన్సు కూడా కావాలంటారు. మీ పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉందో ఇంటికెళ్లాక ఒకసారి చూసుకోండి.